ముప్పై ప్రతులే ఉన్న పుస్తకం, ప్రతి 650 రూపాయలు: ఇది న్యాయమేనా?

అద్దంలో_అక్షరం (విజయనగరం)

అందరికీ నమస్కారం. నేను గ్రాఫిక్ డిజైన్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా అమ్మమ్మ పాడే ఊడుపు పాటలు (వరి నాట్లప్పుడు పాడేవి) పన్నెండు పుస్తకంగా చేశాను. 48 పేజీలు, 30 ప్రతులు. అక్షరాలు స్క్రీన్ ప్రింటింగ్, బొమ్మలు తొమ్మిదీ లినో అనే మెత్తటి పలక మీద చెక్కి అద్దినవి, కుట్టు బైండింగ్ నా చేత్తోనే.

పోయిన నెల గంటస్తంభం దగ్గర ఒక చిన్న ప్రదర్శనలో బల్ల మీద పెట్టి, ధర 650 అని రాశాను. ఒక పెద్దాయన చాలాసేపు తిరగేసి చూశారు. "పాటలు బావున్నాయమ్మా. కానీ జెరాక్సు తీయిస్తే అరవై రూపాయలవదు. ఇది డబ్బున్నవాళ్లు అద్దాల బీరువాలో పెట్టుకునేది" అని చెప్పి వెళ్లిపోయారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నా లెక్క ఇదీ. కాగితం, సిరా, దారం, అట్ట, గుడ్డ కలిపి ప్రతికి 210 అయింది. ముప్పై ప్రతులూ అమ్ముడైతే 19,500 వస్తుంది. ఖర్చులు పోగా 13,200 మిగులుతుంది. దాని వెనక మూడు నెలల పని ఉంది. ఇది ఎక్కువ ధరా? అసలు ముప్పై ప్రతులే ఉన్నదాన్ని పుస్తకం అనొచ్చా? నిజాయితీగా చెప్పండి.

బడిగంట (శ్రీకాకుళం జిల్లా)

అమ్మాయ్, నీ లెక్క తప్పు అనను. నా అభ్యంతరం వేరు. ఆ పాటలు ఎవరివి? నడుం వంచి నాట్లేసిన ఆడవాళ్లవి. వాళ్లలో ఒక్కరైనా 650 పెట్టి ఆ పుస్తకం కొనగలరా? పాట వాళ్లది, పుస్తకం ఇంకొకరిది అయిపోయింది.

ఫొటోలో చూశాను, శీర్షికలకి గిడుగు ఫాంటు వాడావు. ఆ పేరు గల పెద్దాయన, గిడుగు రామమూర్తి, మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. చదువుకున్న నలుగురికే అర్థమయ్యే భాష కాకుండా, జనం మాట్లాడే మాటే పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. ఆయన పేరున్న అక్షరాలతో ముప్పై మందికే అందే పుస్తకం వేస్తే నాకు మనసొప్పదు.

నాలుగురంగులు (శ్రీకాకుళం)

ఏడు రోడ్ల కూడలి దగ్గర మాది డీటీపీ షాపు. అంతకుముందు అదే గదిలో మా నాన్నగారి ట్రెడిల్ ప్రెస్సు (కాలితో తొక్కి అచ్చువేసేది) ఉండేది. తెలుగు కంపోజింగంటే, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చడమంటే, సామాన్యం కాదు. గుణింతాలు వేరు, ఒత్తులు వేరు, ఇంగ్లీషు అక్షరాల పెట్టెకంటే ఎన్నో ఎక్కువ గళ్లు. ఏ గడిలో ఏముందో చూడకుండానే కంపోజిటర్ చెయ్యి దానిమీదికి వెళ్లేది. డీటీపీ వచ్చాక ఆ టైపంతా సీసం కింద కిలోల లెక్కన తూకానికి వేసేశాం. బస్తాలు ఆటోలోకి ఎక్కుతుంటే నాన్న లోపలికి వెళ్లిపోయారు, బయటికి రాలేదు.

కాబట్టి చేతి పని విలువ నాకు తెలుసు. తెలిసే చెబుతున్నా, మూడు నెలలు దీనిమీద పెట్టడం నీకు నష్టం. మా షాపుకి పని అడగడానికొచ్చే పిల్లలకి బొమ్మలు గీయడం వస్తుంది. అను అనే పాత తరం తెలుగు ఫాంట్లలో చేసిన ఫైలు ఇప్పటి యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎక్కడ చెదిరాయో పట్టుకోవడం మాత్రం రాదు. ఫ్లెక్సీకీ ఆఫ్‌సెట్‌కీ రంగులు ఎందుకు వేరుగా వస్తాయో తెలీదు. జీతం ఇచ్చేది ఆ పనులకే.

ఇంకో సంగతి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 30 ప్రతులకైనా 500కైనా ఒకటే. 500 వేయించి ఉంటే ప్రతి ఎంతకి పడేదో ఒకసారి కనుక్కో.

అద్దంలో_అక్షరం

బడిగంట మాస్టారికి జవాబు రాసే ముందు ఇంకొంచెం ఆలోచించుకుంటాను. ఆ మాట నాకు బాగా తగిలింది.

నాలుగురంగులు గారూ, మూడు నెలల్లో ఏం నేర్చుకున్నానో చెబుతాను. లినోలో అక్షరం తిరగేసి చెక్కాలి. తొమ్మిది బొమ్మల్లో మూడోదాంట్లో పుస్తకం పేరు కూడా చెక్కాను, ఆ పేరులో "కథ" అన్న మాట ఉంది. మూడో బ్లాకు దాదాపు పూర్తయ్యాక "థ" పొట్టలో చుక్క ఊడిపోయింది. అద్ది చూస్తే "కధ" అని పడింది. అందరూ చేసే తప్పే, నా చేత్తో నేనే చెక్కినట్టయింది. బ్లాకు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. పదేళ్లు కంప్యూటర్లో టైపు చేసినా ఆ చుక్క బరువెంతో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఏ ఫాంటు చూసినా చిన్న సైజులో ఆ చుక్క నిలుస్తుందా, సిరాలో పూడుకుపోతుందా అన్నదే ముందు చూస్తున్నాను. మీ షాపు పనికి ఇది పనికిరాదంటారా?

అచ్చు లెక్క కూడా చెబుతాను. కాగితం మడిస్తే నాలుగు పేజీలు. 48 పేజీలకి 12 కాగితాలు, రెండు వైపులా కలిపి 24 స్క్రీన్లు. 30 ప్రతులకి 720 సార్లు స్క్వీజీ (స్క్రీన్ మీద సిరా నెట్టే పట్టీ) లాగాను. బొమ్మలు ఇంకో 270. పాడైనవి ఈ లెక్కలో లేవు.

గమ్ బైండింగ్ కూడా చేయించి చూశాను. పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, గట్టిగా నొక్కితే వెన్ను విరిగి కాగితాలు ఊడొస్తాయి. కుట్టింది బల్ల మీద తెరిచి పెడితే అలాగే ఉంటుంది. అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతులు ఖాళీగా ఉంచుకుని పాడింది.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997 ఫిబ్రవరిలో మన ఊళ్లో తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, మొదలుపెట్టారు. తెలుగు కథలు వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. అక్కడున్న పాత పత్రికలు చూడండి. చవక కాగితం, చవక అచ్చు. వేలల్లో అచ్చయ్యాయి కాబట్టే ఎవరి అటక మీదో ఒకటి మిగిలి, ఆ కథ మనదాకా వచ్చింది. ముప్పై ప్రతులే వేసి ఉంటే ఒక్క తుపానుకి పోయేవి.

అలాగని ధర తప్పని నేననను. మీ విజయనగరం సంగతే చూడండి. జర్మన్ సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ అచ్చువేయించిన ఋగ్వేదం రెండో కూర్పు 1890-92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. ఆ ఖర్చు భరించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. ఖరీదైన పుస్తకానికి ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోక తప్పదు. ఈ అమ్మాయికి మహారాజు లేడు. కొనే ముప్పై మందే ఆమెకి రాజపోషకులు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

బడిగంట

రాజపోషణ మాట మీరే తెచ్చారు కాబట్టి అంటున్నా. ఆ కాలం పోవాలనే కదా ఇన్నేళ్లూ అందరూ పాటుపడ్డది? గురజాడ అదే ఆనంద గజపతి కొలువులో ఉన్నారు, నిజమే. కానీ "కన్యాశుల్కం" నిలిచింది ఆ రాజుకి అంకితం ఇవ్వడం వల్ల కాదు, జనం నోట్లో నానడం వల్ల.

అట్టల_తాత_మనవడు (విజయనగరం)

మా తాత కోర్టు రిజిస్టర్లు, పద్దు పుస్తకాలు నలభై ఏళ్లు బైండింగ్ చేశారు. మీ ఫొటోలు పెద్దవి చేసి చూపించాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా:

"అమ్మా, నీ కుట్టు బావున్నాది. మూడు ఫారాలకీ, అంటే కాయితాల మడతలకీ, ముడి ఒక్క తీరుగానే ఎట్టినావు. అట్ట మాత్రం బయటికి వొంగిపోనాది. ఎందుకో తెలుసా? గుడ్డ అంటించి తడారకముందే వొగ్గేసినావు. గుడ్డ ఆరినప్పుడు అట్టని తనకేసి లాగుతాది. లోపలేపు కూడా కాయితం అంటిస్తే అది అటేపు లాగుతాది, రెండూ సరిపోతాయి. అంటించినాక బరువెట్టి ఒక రాత్రల్లా వుంచాల. కాయితానికీ అట్టకీ పోగు, అదే లోపలి నార పోయే దారి, నిలువుగా, వెన్ను పొడుగునా వుండాల. అడ్డంగా కోసినావంటే ఎన్ని రాళ్లెట్టినా వొంగుతాది. మైదా జిగురులో మైలుతుత్తం ఏసినావా? లేకపోతే రెండేళ్లలో పురుగే.

ధర మాటకొస్తే, ఆరొందల యాభై సాలదు. నీ కూలి నువ్వేసుకోలేదు. నాకూ అలాగే సేసినారు. పని బావుందని మెచ్చుకున్నారు, కూలి దగ్గర బేరమాడినారు. సివరికి మా వోడికి ఈ పని నేర్పలేదు నాను."

ఆ చివరి మాట చెప్పి తాత కాసేపు ఊరుకున్నారు. "మా వోడు" అంటే మా నాన్న. నాకైతే ఈ పని వచ్చుంటే బావుండేదనిపించింది.

నాలుగురంగులు

మనవడు గారూ, తాతగారికి నా నమస్కారం చెప్పండి. పోగు సంగతి మా షాపులో చేసేవాళ్లకే తెలీదు. ఆయన ఒక పూట వచ్చి చూపిస్తానంటే కూలి ఇచ్చి పిలిపించుకుంటాను, మెచ్చుకోలుతో సరిపెట్టను.

అమ్మాయ్, "థ" చుక్క మాట ఒప్పుకున్నాను. శుభలేఖల్లో రోజూ వస్తుంది ఆ తప్పు.

అద్దంలో_అక్షరం

తాతగారికి నా దండాలు. మైలుతుత్తం వేశాను. పోగు చూసుకోలేదు. లోపలి కాగితం అంచుల దగ్గరే అంటించాను, అదీ తప్పే. మొదట పొందూరు సన్న ఖద్దరు తీసుకున్నాను, జిగురు పైకి ఊరి మరకలు పడ్డాయి. తర్వాత దొడ్డు ఖద్దరుకి వెనక పల్చటి కాగితం అంటించి వాడాను. మిగిలిన పదకొండు ప్రతుల అట్టలు విప్పి మళ్లీ వేస్తాను. మీ ఇల్లు ఎక్కడో మనవడు గారు మెసేజీ పెడితే వచ్చి నేర్చుకుంటాను. రోజుకి కూలి ఎంతో ఆయననే చెప్పమనండి.

బడిగంట మాస్టారూ, ధర తగ్గించను. ఈ పనికి కూలి ఉందని ఎవరో ఒకరు పైకి అనకపోతే, తాతగారు కొడుక్కి నేర్పనట్టే నేనూ రేపు ఎవరికీ నేర్పను. కానీ పాటల మీద మీరన్నది నిజం. అవి నేను కొనుక్కున్నవి కావు, నా దగ్గరే ఉంచుకునే హక్కు నాకు లేదు. పన్నెండు పాటలూ ఒకే ఏ3 కాగితానికి సర్దాలని చూస్తున్నాను. మధ్యలో ఒక్క గంటు పెట్టి మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అవుతుంది, కుట్టు అక్కర్లేదు. అచ్చు ఒకవైపే కాబట్టి ఏ జెరాక్సు షాపులోనైనా తీసుకోవచ్చు. అక్షరం మాత్రం పెద్దదిగా ఉండాలి, అమ్మమ్మ వయసు వాళ్లకి కూడా కనబడాలి. అందుకే రెండు కాగితాలు పట్టేలా ఉంది. ఫైలు ఆదివారానికి ఇక్కడే పెడతాను.

బడిగంట

650 మీద నా మాట మారలేదు. కాగితం పెట్టు, మా బడిలో పిల్లలందరికీ తీయిస్తాను, ఆ ఖర్చు నాది.

ఒక్క పొరపాటు కనబడింది. నువ్వు ఫొటో పెట్టిన నాలుగో పాట మా అమ్మ కూడా పాడుతుంది. ఆవిడ పాడేదాంట్లో చివర ఇంకో రెండు చరణాలున్నాయి, నీ పుస్తకంలో లేవు. రికార్డు చేసి పంపనా?

అద్దంలో_అక్షరం

పంపండి మాస్టారూ. ఆదివారం వద్దు, కాగితం ఆపుతాను. అమ్మగారు పాడింది విన్నాకే సర్దుతాను.