స్టైపెండ్ లేని సర్కారు ఇంటర్న్‌షిప్‌లు ఉండాలా, వద్దా?

కాచిగూడ డిగ్రీ:
కేంద్రానికి విధానాలపై సలహాలిచ్చే నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు ప్రతి నెలా 1 నుంచి 10 వరకు అప్లికేషన్లు తీసుకుంటారు. కనీసం ఆరు వారాలు చేయాలి, స్టైపెండ్ ఉండదు. ఐక్యరాజ్యసమితి సచివాలయంలోనూ అంతే. టికెట్టు, గది, బీమా అన్నీ మనమే చూసుకోవాలి. మా నాన్న ఆటో నడుపుతాడు. ఆరు వారాలు ఢిల్లీలో ఉండాలంటే ఇంట్లో అప్పు చేయాల్సిందే. పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్‌లు సర్కారు పెట్టనేకూడదని నా వాదన. మీరేమంటారు?

శామీర్‌పేట లా:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ఇంటర్న్‌షిప్ ఉద్యోగం కాదు, చదువులో భాగం. ఫైలు ఎట్లా కదులుతుందో, ఒక పథకం మీద నోట్ ఎట్లా రాస్తారో ఏ క్లాసులోనూ చెప్పరు. స్టైపెండ్ తప్పనిసరి చేస్తే బడ్జెట్ లేదని సీట్లు కోస్తారు. మిగిలిన ఆ నాలుగు సీట్లు ఎవరి పిల్లలకు పోతాయో నీకూ తెలుసు. 2015లో జెనీవాలో ఐరాస ఇంటర్న్ ఒకరు టెంట్‌లో ఉంటున్నారని ప్రపంచమంతా గోల చేసింది. సమస్యను చూపించడానికి కావాలనే అలా ఉన్నానని ఆ తర్వాత ఆయనే చెప్పారు.

తార్నాక లెక్చరర్:
కావాలనే ఉన్నా, అక్కడ గది అద్దె మాత్రం ఆయన కల్పించింది కాదు కదా బాబూ.

సీట్లు తగ్గుతాయన్న భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఇప్పుడున్న సీట్లలో కూర్చుంటున్నదెవరు? రాష్ట్ర బడ్జెట్‌ను పేజీ పేజీ చదివి నన్ను ప్రశ్నలతో నిలదీసే అమ్మాయి ఒకరు మా క్లాసులో ఉంది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చింది. ఢిల్లీ మాటెత్తితే ఆమె మొదట అడిగేది హాస్టల్ ఫీజు ఎంతని. ఆఫీసర్లు మార్కులు, వ్యాసం చూసి ఎంపిక చేశామనుకుంటారు. అంతకుముందే జేబు చూసి సగం మందిని ఏరేయడం అయిపోయింది. ఆ అమ్మాయి అప్లికేషనే పెట్టలేదు కనుక ఎవరి లెక్కలోనూ లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. గిరిజన సంక్షేమం మీద రేపు నోట్ రాసే గదిలో తండా నుంచి వచ్చినవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆ నోట్ ఎట్లా ఉంటుంది?

డబ్బు లేదంటే నేను నమ్మను. మన విదేశాంగ శాఖే ఇంటర్న్‌లకు నెలకు 10,000 గౌరవ వేతనం, ఢిల్లీకి విమాన ఛార్జీ ఇస్తోంది. వైట్‌హౌస్ 2022లో ఇంటర్న్‌లకు డబ్బులివ్వడం మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి స్టైపెండ్ ఇస్తోంది. ఇంటర్న్‌లలో కనీసం సగం మంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లు ఉండాలని దాని సభ్యదేశాలు 2018లోనే తీర్మానించాయి. ఆ పిల్లలు రావాలంటే ఖర్చులు భరించక తప్పదని వాళ్లకు తెలుసు. ఇక "చదువులో భాగం" అంటారా, పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్సెల్ షీట్లు నింపించుకుంటే అది పనే. పనికి కూలి ఇవ్వాలి.

శామీర్‌పేట లా:
మేడమ్, ఆరోగ్య సంస్థ సంగతి ఒప్పుకుంటాను. అయినా అందరూ ఢిల్లీకే ఎందుకు పోవాలి? సెక్రటేరియట్ ఇక్కడే ఉంది, పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. బస్ పాస్‌తో పోయిరావచ్చు.

కాచిగూడ డిగ్రీ:
అన్నా, సిటీలో ఇల్లున్నవాళ్లకు బస్ పాస్ సరిపోతుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్లకు హైదరాబాదే ఢిల్లీ.

తార్నాక లెక్చరర్:
ముందు స్టైపెండ్ ఉన్నవాటికి అప్లికేషన్ పెట్టుకో నాన్నా. విదేశాంగ శాఖ ఒకటి. చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్ ఇంకొకటి. అందులో వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పని చేస్తావు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. డిగ్రీ పూర్తయి ఉండాలి, వయసు 25 దాటకూడదు. నీతి ఆయోగ్‌కు స్టైపెండ్ అడుగుతూ లేఖ నేను రాస్తాను. సంతకాలు ఎవరు పెడతారు?

కాచిగూడ డిగ్రీ:
నేను పెడతా మేడమ్. మా క్లాసు వాళ్లతోనూ పెట్టిస్తా.

శామీర్‌పేట లా:
సీట్లు తగ్గించకూడదన్న వాక్యం కూడా అందులో ఉంటే నేనూ పెడతాను. అది లేకపోతే పెట్టను.