వైద్యం, సంరక్షణ ఖర్చులు తనే భరిస్తానంటున్న కొడుకుకి అమ్మ ఇల్లు ఇప్పుడే రాసివ్వొచ్చా?

ప్రశ్న:
అమ్మకి 71 ఏళ్లు. ఇల్లు ఆమె కొనుక్కున్నదే, దస్తావేజు ఆమె ఒక్కరి పేరు మీదే ఉంది. నాన్నగారు లేరు. పిల్లలం ఇద్దరం, నేనూ తమ్ముడూ. ఆసుపత్రి ఖర్చులు, మనిషిని పెట్టాల్సొస్తే ఆ జీతం అంతా తనే చూసుకుంటానని, ఇల్లు మాత్రం ఇప్పుడే తన పేరు మీద రిజిస్టర్ చేయమని తమ్ముడు అడుగుతున్నాడు. నాకు అభ్యంతరం లేదు. అయితే రాసిచ్చాక అమ్మకి ఏ హక్కు మిగులుతుంది? తర్వాత మాట తప్పితే వెనక్కి తీసుకునే వీలుందా? వీలునామా రాస్తే సరిపోతుందా? దస్తావేజుల పని తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
మామూలు గిఫ్ట్ దస్తావేజు (దానపత్రం) రాసిస్తే మీ అమ్మగారికి ఇంటి మీద ఏ హక్కూ మిగలదు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దానపత్రం రిజిస్టర్ కావాలి, ఇద్దరు సాక్షులుండాలి, దాత బతికుండగానే గ్రహీత స్వీకరించాలి. ఇవన్నీ జరిగిపోయాక అమ్మ ఒక్కతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి రద్దు చేయించుకోవడం కుదరదు. ‘నాకు ఇష్టం లేనప్పుడు రద్దు చేసుకుంటాను’ అని రాయించుకున్నా పనికిరాదు. దాత ఇష్టం మీదే రద్దయ్యే దానం చెల్లదని 126వ సెక్షన్ చెబుతోంది. ఫలానా షరతు తప్పితే రద్దు అని రాసుకుంటే చెల్లుతుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, అందులో 23వ సెక్షన్. 60 ఏళ్లు దాటినవారు తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు పరిగణించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో. అక్కడ వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు.

చాలామంది దెబ్బతినేది ‘షరతుతో’ అన్న మాట దగ్గరే. డాక్యుమెంట్ రైటర్ల కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది: ‘నీ మీద గల ప్రేమాభిమానములతో ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని నీకు దానముగా ఇచ్చి ఈ దినమే స్వాధీనపరచినాను. ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కును లేదు.’ పేర్లు మార్చి దాన్నే ముద్రిస్తారు. షరతు ఉన్నట్టు చూపలేకపోతే 23వ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో మాత్రం, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంటూ, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్ట్ రద్దు చేసి, ఇల్లు తల్లికి అప్పగించమంది. రెండో తీర్పును నమ్ముకుని షరతు వదిలేయకండి. దస్తావేజులోనే రాయించండి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. కానీ షరతు ఒక్కటే చాలదు, జీవితకాల అనుభవ హక్కు అమ్మకే ఉంచుకోవాలి. షరతు పనికొచ్చేది గొడవ వచ్చాక, ఆఫీసుల చుట్టూ తిరిగాక. అనుభవ హక్కు ఉంటే అసలు ఆమెని ఇంట్లోంచి కదిలించే వీలే ఉండదు. స్వాధీనం దాత దగ్గరే ఉన్నా దానం చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది లేదు.

మాటలు ఇలా ఉండొచ్చు: ‘నా జీవితాంతము వరకు ఈ ఇంటిలో నివసించుటకును, అద్దెలు వసూలు చేసుకొనుటకును నాకే పూర్తి హక్కు కలదు. నా తదనంతరమే నీవు స్వాధీనము పొందవలెను. నాకు తిండి, బట్ట, మందులు, ఆసుపత్రి, సంరక్షకురాలి జీతము నీవు భరించవలెను. ఇందుకు తప్పినచో ఈ దస్తావేజును రద్దు చేయించుకొనుటకు నాకు హక్కు కలదు.’ ఇది రాయించాక పైన చెప్పిన ‘ఈ దినమే స్వాధీనపరచినాను’ వాక్యం అలాగే ఉండిపోలేదు కదా చూసుకోండి. రెండూ ఒకే కాగితంలో ఉంటే అవతలి వకీలు పట్టుకునేది దాన్నే.

‘అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు’ అని కూడా కొందరు రాయిస్తారు. గ్రహీత ఎప్పటికీ బదిలీ చేయకూడదన్న పూర్తి నిషేధం ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ముందు నిలవదు. దాని మీద ఆధారపడొద్దు. అమ్మ అనుభవ హక్కు దస్తావేజులో స్పష్టంగా ఉంటే ఏ బ్యాంకైనా అప్పిచ్చేముందు ఆమె సంతకం అడుగుతుంది. ఆ సంతకం పెట్టకుండా ఉండటమే ఆమెకి రక్షణ. ఒకసారి పెట్టిందా, వాయిదాలు ఆగితే బ్యాంకు ఇల్లు వేలం వేసుకోవచ్చు.

జవాబు 3:
తమ్ముడు మంచివాడే అయినా జరగగలిగేవి ఉన్నాయి. ఇల్లు పూర్తిగా అతని పేరు మీద ఉండగా, వీలునామా లేకుండా అతనే ముందు పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, తల్లి సమాన వాటాదారులు. అంటే తన ఇంట్లో అమ్మ ఒక వాటాదారు అవుతుంది. అదే కూతురికి రాసిచ్చి కూతురు పోతే, ఇల్లు ఆమె పిల్లలకీ భర్తకీ వెళుతుంది, వాళ్లుండగా తల్లికి ఏమీ రాదు. ఇక తమ్ముడి అప్పులవాళ్లు జప్తుకి వచ్చినా ఇల్లు చిక్కుల్లో పడుతుంది.

అందుకే నా సలహా వీలునామా. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (అయినా చేయించండి), ఆమె ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సాక్షులిద్దరూ ఆమెకన్నా చిన్నవాళ్లై ఉండాలి, ఆస్తి పొందేవాళ్లు కాకూడదు. తర్వాత కోర్టులో రుజువు చేయాల్సొస్తే కనీసం ఒక సాక్షి రావాలి కదా. ఇంకో సంగతి: ఇల్లు ఆమె పేరు మీద ఉంటేనే రేపు డబ్బు అవసరమైనప్పుడు రివర్స్ మార్టిగేజ్ (ఇల్లు బ్యాంకుకి తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ డబ్బు తీసుకోవడం) పెట్టుకోవడానికో, ఒక వాటా అద్దెకిచ్చి ఆ డబ్బు వాడుకోవడానికో వీలుంటుంది. ట్రిబ్యునల్ వేయగల మనోవర్తికి 2007 చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకి 10,000 రూపాయలే. మంచం పట్టిన మనిషికి పగలూ రాత్రీ ఆయాలను పెట్టడానికి అది ఏ మూలకీ రాదు. ఆమె చేతిలో ఉన్న అసలైన ఆధారం ఇల్లే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. వీలునామాకి తమ్ముడు ఒప్పుకునేలా లేడు. తనకి వ్యాపారం అప్పులున్నాయని మరదలి పేరు మీద రాయమంటున్నాడు. అమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు, ఆఫీసుకి రావడం కూడా కష్టమే.

జవాబు 1:
మరదలి పేరు మీద వద్దు. మొదటిది, కోడలికి ఊరికే రాసిచ్చిన ఆస్తి మీద వచ్చే అద్దె, ఆదాయపు పన్ను లెక్కలో మళ్లీ అమ్మ ఆదాయంలోనే కలుస్తుంది. కొడుక్కి రాస్తే ఆ చిక్కు లేదు. రెండోది, 2007 చట్టంలో ‘పిల్లలు’ అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు అందులో లేదు. షరతు తప్పితే 23 కింద దస్తావేజు రద్దు అడగొచ్చు గానీ, మనోవర్తి కోసం ఆమె మీద దరఖాస్తు నిలవదు. భార్యాభర్తలు విడిపోతే ఇల్లు పూర్తిగా ఆమెది. అసలు అప్పుల భయంతో పేరు మార్చమంటున్నాడంటేనే, ఆ అప్పులు తీరేదాకా రిజిస్ట్రేషన్ ఆపడానికి అది చాలినంత కారణం.

తప్పదనుకుంటే కొడుకు పేరునే, అనుభవ హక్కు అమ్మకి ఉంచి, షరతుతో రాయించండి. కుటుంబ సభ్యులకిచ్చే గిఫ్ట్‌కి స్టాంపు డ్యూటీ అమ్మకం కన్నా తక్కువే. ముందుగా ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన తనఖాలు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించండి. నడవలేని వాళ్లకి సబ్‌రిజిస్ట్రారే ఇంటికొచ్చి సంతకాలు తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దానికి విడిగా దరఖాస్తు, ఫీజు ఉంటాయి, డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయండి. ఆ రోజు దస్తావేజు మొత్తం ఆమెకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి. అసలు కాగితం అమ్మ దగ్గరే ఉండాలి. తమ్ముడికి సర్టిఫైడ్ కాపీ చాలు.