కొండసీమలో నేపియర్ కోత ఎన్ని రోజులకు?

పాలవెల్లి (పలమనేరు): నాలుగు ఆవులున్నాయి. బోరు కింద ఎకరంలో సూపర్ నేపియర్ పశుగ్రాసం వేశాను. శ్రీకాళహస్తి వైపు చుట్టాలు 40 రోజులకే కోస్తున్నారు. మార్గశిరంలో నేనూ అలాగే కోస్తే గడ్డి నడుము ఎత్తయినా రాలేదు. మాకు ఎన్నాళ్ళకు కోత?

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి): మొదటి కోత 70 రోజులకు. తర్వాతవన్నీ 40-45 రోజులకే. ఎక్కడైనా ఇదే లెక్క. ఉంచినకొద్దీ కాండం కట్టెబారుతుంది.

కొండగాలి (మదనపల్లె): ఎక్కడైనా ఒకే లెక్క ఎలా అవుతుందండీ? మీ వైపు తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 680 దగ్గర ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, అంటే ఇక్కడ మూడు డిగ్రీల తేడా. నేపియర్ వేడిని కోరే గడ్డి. రాత్రిళ్ళు 15 డిగ్రీలకు దిగితే దాని ఎదుగుదల బాగా మందగిస్తుంది. అయితే చల్లదనంలో పీచు కూడా నిదానంగానే ముదురుతుంది. మీకు 40 రోజులకు వచ్చే ముదురు మాకు చలికాలంలో 55 రోజులకు గానీ రాదు.

మామిడితోట (చిత్తూరు): నేలకు ఎంత ఎత్తున కోశారో ఎవరూ అడగలేదు. అర జానెడు మొదలు వదలాలి.

పాలవెల్లి: నేలకు ఆనించే కోశాము. నిన్న రెండు దుబ్బులు చీల్చి చూశాను. మొదలు లోపల నల్లబడి ఉంది. కొత్త పిలకలు పెన్సిలంత సన్నగా వచ్చాయి.

మామిడితోట: అదే చెబుతున్నాను. మళ్ళీ చిగురించే బలం మొదట్లో, వేళ్ళలో దాగి ఉంటుంది. అది కూడుకోకముందే మళ్ళీ మళ్ళీ కోస్తే దుబ్బు పలచబడి కలుపు లేస్తుంది.

స్వర్ణముఖి: చలి రెండు నెలలే. మిగతా పది నెలల మాటేమిటి? పోయిన ఏడాది కొండ మీది నుంచే ఒక లోడు కొన్నాను. మనిషికి రెండింతల ఎత్తు గడ్డి. చాఫ్ కట్టర్‌లో వేసి ముక్కలు చేసినా ఆవులు ఆకు ఏరుకుని కాడలు తొట్టిలోనే వదిలేశాయి. వారం తిరగకముందే పాలు తగ్గాయి, పాల కేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) పడిపోయింది. ఎండు బరువులో మాంసకృత్తులు 7 శాతానికి దిగితే ఆవు కడుపులోని సూక్ష్మజీవులే సరిగా పనిచేయవు, మేత తినడమే తగ్గిస్తుంది. అది ఎన్ని రోజుల గడ్డో అమ్మినాయన చెప్పలేదు.

కొండగాలి: ఎవరో మోసం చేస్తే కొండ మీద రైతులందరినీ అంటారా?

స్వర్ణముఖి: మీరూ టన్నుల లెక్కన అమ్మేవారే కదా! ముదిరితే మీకు తూకం. నష్టపోయేది నా ఆవు.

కొండగాలి: అవును, అమ్ముతాను. దాచుకోవలసిన పని కాదు. కోత కోతకూ కూలీలను పిలవాలి. ఏడాదికి ఎనిమిది కోతలు కోయించే చోట ఆరు కోయిస్తే రెండు కోతల కూలి మిగులుతుంది, బోరు అప్పు వాయిదా దానితోనే కడుతున్నాను. లేత గడ్డి కావాలని అందరూ అంటారు. ఆకు ఎక్కువని ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినవారు ఇంతవరకూ లేరు.

పాలవెల్లి: అయ్యా, నేను అమ్మేవాణ్ణీ కాదు, కొనేవాణ్ణీ కాదు. నా ఇంటి ఆవులకు ఎప్పుడు కోయాలో చెప్పండి.

కొండగాలి: చలి తగ్గేవరకు 55 రోజులు ఆగండి, ఎండలు ముదిరాక 45కి రండి. ఈ ఒక్కసారి దుబ్బు కోలుకోవడానికి ఇంకో వారం వదలండి. మొదలు మామిడితోట గారు చెప్పినంత ఉంచండి.

స్వర్ణముఖి: దీనికి నేనూ ఒప్పుకుంటాను. 45 రోజుల గడ్డి పంపితే టన్నుకు ఎంత ఎక్కువ కావాలి?

కొండగాలి: లేత గడ్డిలో 80 శాతానికి పైగా నీళ్ళే. పచ్చి తూకం మీద బేరమాడితే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు. కిలో గడ్డి ఎండబెట్టి తూచి చెబుతాను, అప్పుడు మాట్లాడుకుందాం.