దిబ్బరొట్టె లోపల పచ్చిగా మిగిలిపోతోంది, సలహా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆదివారం ఉదయం అందరూ ఎదురుచూసేది గోదావరి జిల్లాల దిబ్బరొట్టె కోసమే. గ్లాసు మినప్పప్పును 4 గంటలు నానబెట్టి, గట్టిగా రుబ్బి, కడిగి పిండిన 2 గ్లాసుల ఇడ్లీ రవ్వ, జీలకర్ర, ఉప్పు కలిపి, నూనె వేసిన మందపాటి ఇనుప మూకుడులో రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాలుస్తున్నాను. అయినా అడుగు మాడిపోతోంది, నడుమ మాత్రం పచ్చిగానే ఉంటోంది. మా అమ్మమ్మ కుంపటి మీద కాల్చుతూ మూతపైన కూడా నిప్పులు వేసేది. ఆ ఎర్రని పెచ్చును తేనెపానకంతో తిన్న రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. గ్యాస్ పొయ్యి మీద పైనుంచి సెగ తగలదు కనుక, రొట్టెను ఎప్పుడు తిరగేయాలో, మందం తగ్గించాలో, రవ్వ పాళ్లు మార్చాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.