ఈ వారం సమస్య: కాలు లేని వాడు కదనమేలె

కర్నూలు సార్ (నిర్వాహకుడు):
మిత్రులారా, పైన ఇచ్చింది పద్యంలో చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పాత పూరణల్లో గదలు, శరాలు, రథాలు చాలినన్ని వచ్చాయి. ఈసారి యుద్ధం అంతరిక్షంలో జరగాలి. అది మనకు మరీ దూరం సంగతేమీ కాదు. 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చిన పరీక్ష మన కర్నూలు ఆయుధ పరీక్షల రేంజ్‌లోనే జరిగింది. అదే ఏడాది జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని కూడా ఇక్కడే పరీక్షించారు. ఛందస్సు ఆటవెలది. వేమన నేల మీద ఉన్నాం కాబట్టి గణాలు (లఘువు గురువుల లెక్క) తప్పితే సాకులు వినను. ఇంకో షరతు: ఊరూపేరూ లేని ఒకడు సేనాని దాకా ఎలా ఎదిగాడో పూరణలో కనబడాలి.

నంద్యాల తమ్ముడు:
సార్, మొదటిసారి రాస్తున్నా. సెమిస్టర్ పరీక్షల కంటే టెన్షన్‌గా ఉంది.

ఒంటికాలివాడు రాకెట్టు నెక్కెను
చుక్కలన్ని చూచి సొక్కిపోయె
శత్రువులను కాల్చె శరముగా లేజరు
కాలు లేని వాడు కదనమేలె

కర్నూలు సార్:
గణాలన్నీ నిలబడ్డాయి, శభాష్. రెండో పాదంలో చు-సొ యతిమైత్రి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కలవడం) తెలిసి వేశావో, దానంతటదే పడిందో గానీ బాగుంది. మొదటి పాదంలో మాత్రం యతి పోయింది. ‘ఒ’కు ‘రా’ ఎట్లా కలుస్తుంది? ఇట్లా మార్చుకో:

ఒంటికాలితోడ నొకడు రాకెట్టెక్కె

అసలు చిక్కు వేరే ఉంది. ఎక్కాడు, చూశాడు, కాల్చాడు, ఏలాడు. నాలుగు పాదాల్లో నాలుగు పనులు చేశాడు, ఎదిగింది ఎప్పుడు?

ఆదోని అక్క:
ఒంటికాలివాడు ‘కాలు లేని వాడు’ ఎట్లా అవుతాడని ఎవరైనా అడగకముందే చెప్తున్నా, అవుతాడు. ఒకటి లేకపోయినా లేనట్టే. జాన్ మెక్‌ఫాల్ అనే బ్రిటిష్ పారాలింపిక్ పరుగు వీరుడికి కుడికాలు లేదు. 2022లో యూరప్ అంతరిక్ష సంస్థ ఆయన్ను వ్యోమగాముల జట్టుకు ఎంపిక చేసింది. తమ్ముడి పద్యం అంత గాలిలో మేడ కాదు సార్. ఇక నాది:

మింట బరువు లేదు మీద కిందులు లేవు
కాళ్ళ పనియె లేదు గగనమందు
చేతి పట్టు తోనె చీమలా పాకుచు
కాలు లేని వాడు కదనమేలె

కర్నూలు సార్:
సమస్యకు తాళంచెవి దొరికింది. బరువే లేని చోట కాళ్ళెందుకు? రెండో పాదంలో కా-గ యతి కూడా హాయిగా ఉంది. కానీ అక్కా, చీమకు ఆరు కాళ్ళు! కాళ్ళు లేనివాణ్ణి పొగడడానికి ఆరు కాళ్ళదాన్ని తెచ్చావే.

ఆదోని అక్క:
అయ్యో, నవ్వాగడం లేదు సార్. ‘చేపలా యీదుచు’ అంటే? గణాలు, యతి రెండూ సరిపోతాయి.

గుత్తి మామ:
నేను ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చినవాణ్ణి, పద్యం రాదు, తప్పు పట్టడం మాత్రం వచ్చు. ఈదాలంటే నెట్టడానికి నీళ్ళుండాలి. అంతరిక్ష నౌక బయట గాలి కూడా లేదు, చేతులు ఎంత ఆడించినా ఉన్నచోటే గిలగిల. ఏదో ఒకటి పట్టుకొని లాక్కోవాల్సిందే. ‘కాళ్ళ పనియె లేదు’ అన్నదీ పూర్తిగా నిజం కాదు. అంతరిక్ష కేంద్రంలో ఒకచోట నిలకడగా ఉండి పని చేసుకోవాలంటే కాలి వేళ్ళను కడ్డీ కింద దూర్చి ఆనుకుంటారు. అందుకే అరికాలి గట్టి తోలు ఊడిపోతుంది, పాదం పైభాగం బరుసెక్కుతుంది. మనకు చెప్పు కింద కాసే కాయ వాళ్ళకు పైన కాస్తుందన్న మాట. కాళ్ళలో, నడుంలో ఎముక నెలకు సుమారు 1 శాతం తగ్గుతుంది గనుక రోజూ దాదాపు 2 గంటలు కసరత్తు తప్పదు.

ఆదోని అక్క:
అయితే ఇదే ఖాయం మామా:

చేతి పట్టు తోనె చెట్టు కోతి వలెను

కర్నూలు సార్:
కోతికీ కాళ్ళున్నాయి గానీ కొమ్మ పట్టేది చేత్తో కాబట్టి వదిలేస్తున్నా.

కదిరి అన్న:
మీరంతా రాకెట్ వెంట పడ్డారు. మన పురాణంలో కాళ్ళు లేకుండా ఆకాశంలో బండి తోలేవాడు ఎప్పట్నుంచో ఉన్నాడు గదా.

తొడలు లేనివాడె తోలెను రథమును
సూర్యు నెదుట నుండి సొలయ కెపుడు
అతని వంగడమున నంతరిక్షమునందు
కాలు లేని వాడు కదనమేలె

కర్నూలు సార్:
అనూరుడు! వినత తొందరపడి గుడ్డు పగలగొడితే తొడలు లేకుండా పుట్టిన బిడ్డ, గరుత్మంతుడికి అన్న, సూర్యుడికి సారథి. ఇంత దగ్గర్లో ఉన్నవాణ్ణి మనమంతా ఎట్లా మరిచాం? ‘వంగడము’ అంటే వంశం, మంచి పాత మాట. కదిరిలో మాత్రం వంగడం అంటే వేరుశనగే అనుకుంటారేమో.

కదిరి అన్న:
పోయినసారి కదిరి-6 వేసి వానల్లేక దెబ్బతిన్నాం సార్. ఈ వంగడమైనా పండనీ.

గుత్తి మామ:
పురాణం దాకా ఎందుకు, బ్రిటిష్ పైలట్ డగ్లస్ బేడర్ 1931లో విమానం కూలి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కట్టె కాళ్ళలాంటివి తగిలించుకొని మళ్ళీ ఫైటర్ ఎక్కాడు. శిక్షణలో ఆయన కథ చెప్పుకొనేవాళ్ళం.

కర్నూలు సార్:
కదిరి పూరణకు ఒక్కటే లోటు. మొదటి మూడు పాదాలూ అనూరుడివే. మన సేనాని చివరి పాదంలో దిగాడు, అదీ తాతల పేరు చెప్పుకొని. షరతు మళ్ళీ తప్పింది.

నంద్యాల తమ్ముడు:
సార్, ఇంకొకటి. ఇది యుద్ధ డ్రోన్‌ది.

రెక్క లున్న వాడు రెప్ప వేయని వాడు
గుండె లేక గురియె గుణము గాగ
మనిషి గాని వాడు మా డ్రోను బాబాయి
కాలు లేని వాడు కదనమేలె

ఆదోని అక్క:
‘గుణము’ అంటే వింటినారి కూడా. గురే గుణంగా గల బాబాయి! పోయిన పద్యానికీ దీనికీ ఎంత తేడా తమ్ముడూ.

కర్నూలు సార్:
‘డ్రోను బాబాయి’కి నవ్వాను. కానీ డ్రోను అమహత్తు, ‘వాడు’ అనకూడదు, ‘అది’ అనాలి. సమస్యలో ‘వాడు’ ఉంది గనుక మనిషే రావాలి.

కదిరి అన్న:
సార్, మా ఎద్దును ‘వాడు’ అంటాం, ట్రాక్టర్‌ను కూడా. ‘వాడు మొరాయించినాడు’ అంటే ఊరంతటికీ అర్థమవుతుంది. వ్యాకరణం పొలం గట్టు మీదికి రావాల్సిందే.

కర్నూలు సార్:
ట్రాక్టర్ మొరాయించినప్పుడు నేను కూడా వ్యాకరణం పట్టించుకోను. సరే, ఒప్పుకుంటున్నా, మార్కులు మాత్రం సగమే.

ఎర్రగుంట్ల:
ఆలస్యంగా వచ్చాను, నాపరాళ్ళ లోడింగ్ ఉండింది. ఒక పద్యంలో ఇమడలేదు, రెండైనాయి. మొదటిది కథ, రెండోది పూరణ. నావ అన్నా ఓడ అన్నా అంతరిక్ష నౌకే.

గనిని కాలు పోయి గంజికి లేకుండ
నావ కడిగె నొకడు నాలుగేండ్లు
ఎక్కడేది గలదొ యెరిగె నా చీకట
తడిమి తడిమి యోడ తనువుగాగ

దాడి నాడు నావ దద్దరిల్లిన వేళ
దొరలు దారి తప్పి తూలుచుండ
చేతులార నావ చీకట్ల నడిపించి
కాలు లేని వాడు కదనమేలె

ఆదోని అక్క:
నా కోతిని వెనక్కి తీసుకుంటున్నా.

కర్నూలు సార్:
ఇదీ నేనడిగింది. ఓడ కడిగేవాడు కదనం ఏలేవాడైనాడు, మధ్యలో నాలుగేళ్ళున్నాయి. అదృష్టం కలిసిరాలేదు, మంత్రం వేయలేదు. దొరలకు దీపముంటేనే ఓడ తెలుసు, వీడికి చీకట్లోనూ తెలుసు. ‘నడిపించి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నడవలేనివాడు నడిపించాడు! చమత్కారం ఎక్కడా అరవకుండా పద్యంలోనే ఒదిగింది. ‘ఏలె’ అన్న క్రియకు న్యాయం చేసింది కూడా ఇదొక్కటే, మిగతావాటిలో అందరూ గెలిచారు గానీ ఏలలేదు. ‘తడిమి తడిమి’ ఎక్కడ దొరికింది?

ఎర్రగుంట్ల:
ఇంట్లోనే సార్. మా నాయనకు ఎడమకాలు లేదు. పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరినప్పుడు బండల మీది బురద కడిగే పని ఇచ్చినారు. రాత్రిపూట కరెంటు పోతే అందరూ ఉన్నచోటే నిలబడిపోతారు, నేలంతా నీళ్ళు, జారితే బండ అంచు తగులుతుంది. మా నాయన మాత్రం కర్ర పక్కన పెట్టి, గోడవారగా పేర్చిన బండల అంచులు వేళ్ళతో లెక్క పెట్టుకుంటూ పోయి జనరేటర్ ఆన్ చేసేవాడు. పదిహేడో బండ దాటితే స్విచ్చు. ఇప్పుడు ఆ షిఫ్టుకు ఆయనే మేస్త్రీ.

గుత్తి మామ:
పదిహేడో బండ! అది పద్యంలో పెట్టాల్సింది బాబూ.

కర్నూలు సార్:
ఈ వారం మొదటి స్థానం ఎర్రగుంట్లకే, చర్చ లేదు. ఆయనకు చదివి వినిపించినావా?

ఎర్రగుంట్ల:
ఇప్పుడే వినిపించి వచ్చినా సార్. రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత అడిగినాడు: ‘నా కాలు పోయింది లారీ కింద గదరా, గనిలో ఎందుకు పడేసినావు?’ గంజితో యతి కుదరాలి నాయనా అన్నా. ‘మనం గంజికి లేకుండా ఎప్పుడున్నాం?’ అన్నాడు.