అప్‌డేట్: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మార్చేశాను, శబ్దం పోయింది

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మంటోంది, వేడెక్కాక తగ్గుతోంది, మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకే పైపులోకి చేర్చే భాగం) ఇంట్లోనే మార్చుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఆదివారం ఆ పని పూర్తయింది.

అసలు కష్టమంతా పాతది విప్పడంలోనే ఉంది. మీరు చెప్పినట్టే ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాను. అయినా చివరి సిలిండర్ దగ్గర ఒక నట్ కదల్లేదు. బలవంతంగా తిప్పితే స్టడ్ (ఆ నట్ ఎక్కే మరల కడ్డీ) సిలిండర్ హెడ్‌లోనే, అంటే ఇంజన్ పై భాగంలోనే, విరిగిపోతుందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ, మధ్యలో మళ్లీ ఆయిల్ వేస్తూ దాదాపు గంట కూర్చుంటే వచ్చింది. ఆ ఓపిక సలహా ఇచ్చినవారికి నిజంగా రుణపడి ఉన్నాను.

విప్పాక చూస్తే పాత మానిఫోల్డ్‌లో పగులు ఆ సిలిండర్ దగ్గరే, చుట్టూ నల్లటి మసి. హెడ్‌పై మానిఫోల్డ్ ఆనే ముఖం గీకి శుభ్రం చేసి, స్టీల్ స్కేలు ఆనించి చూశాను, వంపు లేదు. కొత్త గాస్కెట్ (పొగ లీకవకుండా మధ్యలో పెట్టే పలుచటి షీటు), కొత్త మానిఫోల్డ్ పెట్టి, మధ్య నట్ల నుంచి అంచుల వైపు, మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) వరకు 3 విడతల్లో బిగించాను.

ఇంజన్‌ను షెడ్ బయట స్టార్ట్ చేశాను. లీకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన చోట అస్సలు వద్దు. పూర్తిగా చల్లారాక మళ్లీ చూస్తే 2 నట్లు కాస్త వదులయ్యాయి, బిగించాను. ఈ ఉదయం చల్లటి స్టార్ట్‌లో కూడా ఏ శబ్దమూ లేదు.