పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి కాన్పు, సిజేరియన్. కాకినాడ దగ్గర పుట్టింట్లో ఉన్నాను. పాపకి ఇంకా రెండు వారాలు నిండలేదు. పుట్టినప్పుడు 2.9 కేజీలు, డిశ్చార్జి రోజు 2.7. మొదట్లో కాస్త తగ్గడం మామూలేనని, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి రావాలని డాక్టరుగారు చెప్పారు. సోమవారం తూకం వేయించాలి. ఈలోపే నాకు టెన్షన్.

పగలు బాగానే తాగి పడుకుంటుంది. దీపాలు పెట్టే వేళకి మొదలుపెడుతుంది చూడండి, రాత్రి పదింటిదాకా రొమ్ము వదలదు. తీస్తే గుక్కపట్టి ఏడుపు. అది ఫోన్‌లో విని అత్తయ్యగారు "పాలు చాలట్లేదమ్మా, డబ్బా పాలు పట్టు" అంటున్నారు. పంపు పెట్టి చూస్తే సీసా అడుగు తడిసిందంతే. మొదట్లో గట్టిపడి సలిపిన రొమ్ములు ఇప్పుడు మెత్తబడ్డాయి కూడా. పాలు తగ్గినట్టేనా?

ఉచ్చ మాత్రం రోజుకి ఆరేడుసార్లు పోస్తోంది, దొడ్డికి పసుప్పచ్చగానే వెళ్తోంది.

అమ్మ తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, సొరచేప పుట్టు మార్చి మార్చి పెడుతోంది. మంచినీళ్లు మాత్రం పథ్యమంటూ చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తుంది! పాలిస్తున్నంతసేపూ నాలుక పిడచకట్టుకుపోతోంది.

మీ పిల్లలూ సాయంత్రాలు ఇలాగే చేశారా? ఎన్నాళ్లకి సర్దుకుంది? డబ్బా పాలు కొన్నాళ్లు పట్టి మళ్లీ పూర్తిగా తల్లిపాలకి వచ్చినవాళ్లు ఉంటే ఎలా వచ్చారో చెప్పండి. నీళ్ల విషయం మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఏం చెప్పి ఒప్పించారు?